గేమింగ్ సర్వర్ నడుపుతున్నారా? ప్లేయర్ల డేటా, లీగల్ నోటీసులు ఎలా హ్యాండిల్ చేయాలి

"పోలీసులమని ఒక మెయిల్ వచ్చింది, మా సర్వర్‌లో ఫలానా ప్లేయర్ ఐపీ అడ్రస్, చాట్ మొత్తం పంపమంటున్నారు, పంపేయమంటారా?" ఈ ప్రశ్న నాకు వచ్చినన్నిసార్లు ఇంకేదీ రాలేదు. అడిగేవాళ్లలో కొందరు అప్పటికే అన్నీ పంపేసి ఉంటారు. ఇంకొందరు భయపడి లాగ్స్ (సర్వర్ తనంతట తాను రాసుకునే రికార్డులు) అన్నీ డిలీట్ చేసేసి, ఇప్పుడు సేఫే కదా అని అడుగుతారు. రెండూ తప్పే. రెండోది ఇంకా పెద్ద తప్పు, ఎందుకో కింద చెప్తా.

ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి మొత్తం ఒకచోట రాస్తున్నా. ఇది చిన్న, మధ్యస్థ కమ్యూనిటీల కోసం. అంటే సొంతంగా నడిపే గేమ్ సర్వర్ ఒకటి, దానికో వెబ్‌సైట్, ఒక డిస్కార్డ్ (ప్లేయర్లు మాట్లాడుకునే చాట్ గ్రూపు), జీతం లేకుండా పనిచేసే మోడ్లు (మోడరేటర్లు, అంటే క్రమశిక్షణ చూసేవాళ్లు) పది మంది, అలాంటివి. కంపెనీ పెట్టి నడిపేవాళ్లకి లాయర్లు ఉంటారు, వాళ్లకి నా అవసరం లేదు.

థియరీ ఎక్కువ చెప్పను. గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ఏ డేటా దాచాలి, ఎన్నాళ్లు దాచాలి అనేది ఏ గొడవా లేని మామూలు రోజుల్లో తేల్చుకోవాలి. నోటీసు వచ్చిన రోజున ఆ అవకాశం ఉండదు, ఆ రోజు మీ దగ్గర ఉన్నదాన్ని కదపకుండా ఉంచాలి, అంతే.

ఏమేం కావాలి

- సర్వర్‌కి, డేటాబేస్‌కి పూర్తి యాక్సెస్ ఉన్న మనిషి, ఒక శని ఆదివారాల ఖాళీ టైం
- లీగల్ విషయాలకి మాత్రమే వాడే ఒక మెయిల్ ఐడీ. మీ సొంత మెయిల్ వద్దు. కనీసం ఇద్దరు చూడాలి, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే లాగిన్) తప్పనిసరి
- ఒక స్ప్రెడ్‌షీట్
- మోడ్లకి అందని, ఎన్‌క్రిప్ట్ చేసిన ఒక ఫోల్డర్ లేదా డ్రైవ్
- సైబర్ కేసులు చూసే లాయర్ ఒకరి నంబర్. ఇప్పుడే ఫీజు కట్టక్కర్లేదు, కానీ నోటీసు వచ్చాక వెతుక్కుంటూ కూర్చుంటే ఉన్న గడువులో సగం దానికే పోతుంది

1. మీ దగ్గర ఏముందో లెక్క తీయండి

"మేమేం దాచట్లేదు బ్రో" అని ప్రతి అడ్మినూ అంటాడు. నేనూ అన్నాను. తీరా చూస్తే మూడేళ్ల క్రితం ఎవరో పెట్టిన బాట్ (తనంతట తాను పనిచేసే ప్రోగ్రామ్) ఒకటి, డిలీట్ చేసిన ప్రతి మెసేజ్‌నీ తీసుకెళ్లి ఒక దాచిన ఛానెల్‌లో పోస్ట్ చేస్తూ ఉంది. ఆ పెట్టినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు, ఛానెల్ మాత్రం నిండుతూనే ఉంది.

మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్‌నే తీసుకోండి. ప్లేయర్ లాగిన్ అయిన ప్రతిసారీ అతని పేరు పక్కన ఐపీ (అతని ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామా), పోర్ట్ నంబర్ (ఆ కనెక్షన్‌కి ఇచ్చే అంకె) కూడా లాగ్‌లో పడతాయి. పాత లాగ్స్ కుదించిన ఫైళ్లుగా మారి లాగ్స్ ఫోల్డర్‌లోనే ఉండిపోతాయి, వాటంతట అవి ఎప్పటికీ పోవు. ఐపీ బ్యాన్ల లిస్టు ఇంకో ఫైల్‌లో ఉంటుంది. ఎసెన్షియల్స్‌ఎక్స్ లాంటి ప్లగిన్ (సర్వర్‌కి అదనంగా తగిలించే ప్రోగ్రామ్) ఉంటే ఒక్కో ప్లేయర్‌కి ఒక్కో ఫైల్ పెట్టి అందులో చివరి ఐపీ రాసుకుంటుంది. కోర్‌ప్రొటెక్ట్ అనే ప్లగిన్ ఉంటే ఎవరు ఏ బ్లాక్ పగలగొట్టారో చూడటానికే అనుకుంటాం, కానీ అది చాట్, కమాండ్లు, లాగిన్ టైములు కూడా దాచగలదు. గేమ్ చాట్‌ని డిస్కార్డ్‌కి పంపే బ్రిడ్జ్ పెట్టుకుంటే అదే చాట్‌కి ఇంకో కాపీ.

స్ప్రెడ్‌షీట్‌లో ఐదు కాలమ్స్ చాలు. ఏ డేటా, ఎక్కడుంది, ఎందుకు, ఎన్నాళ్లు, ఎవరికి కనిపిస్తుంది. "ఎందుకు" అనే గడిలో ఏం రాయాలో తోచకపోతే ఆ డేటా మీకు అక్కర్లేదని అర్థం.

చాలామంది మర్చిపోయేవి ఇవి: బ్యాకప్‌లు, వెబ్‌సర్వర్ యాక్సెస్ లాగ్స్, డొనేషన్ పేజీ నుంచి వచ్చిన పేర్లు, మెయిళ్లు, బ్యాన్ అప్పీల్ ఫారాలు (జనం అందులో తమ జీవిత కథ మొత్తం రాస్తారు), చీటింగ్ నిరూపించడానికి తీసిన స్క్రీన్ రికార్డింగులు, మోడ్ల సొంత కంప్యూటర్లలో ఉన్న స్క్రీన్‌షాట్లు.

2. అక్కర్లేనిది ఆపండి, మిగతాదానికి గడువు పెట్టండి

నా లెక్క ఇది. లాగిన్ ఐపీలు 30 రోజులు. పబ్లిక్ చాట్ 30 నుంచి 60 రోజులు. ప్రైవేట్ మెసేజ్‌లు అసలు లాగ్ చేయకండి, ఎవరైనా రిపోర్ట్ కొడితే ఆ రిపోర్ట్ చేసిన భాగం మాత్రమే దాచండి. బ్యాన్ రికార్డులు బ్యాన్ ఉన్నంతకాలం. డబ్బు లావాదేవీలు మీ పన్ను చట్టం ఎన్నాళ్లంటే అన్నాళ్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని దేశాల్లో లాగ్స్ కనీసం ఇన్నాళ్లు ఉంచి తీరాలనే నిబంధనలున్నాయి. భారత్‌లో సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, ఇంటర్మీడియరీలు (ఇతరుల డేటాని దాచే, చేరవేసే సేవలు), కంపెనీలు లాంటివి సిస్టమ్ లాగ్స్‌ని 180 రోజులు ఉంచాలి. మీ సర్వర్ ఆ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది లాయర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న. వస్తే నా 30 రోజులు పక్కన పెట్టి ఆ 180 పాటించండి.

కొత్త మైన్‌క్రాఫ్ట్ వెర్షన్లలో లాగ్‌లో ఐపీ రాయకుండా ఆపే సెట్టింగ్ సర్వర్ ప్రాపర్టీస్ ఫైల్‌లోనే ఉంది. కోర్‌ప్రొటెక్ట్‌లో పాతవి తుడిచేసే పర్జ్ కమాండ్ ఉంది. మిగతావాటికి రోజూ రాత్రి నడిచే చిన్న స్క్రిప్ట్ చాలు. చేత్తో చేద్దాం అనుకోకండి, రెండో నెలకే మర్చిపోతారు.

"ఆల్ట్ అకౌంట్లు (ఒకే మనిషి పెట్టుకున్న రెండో అకౌంట్లు) పట్టుకోవాలంటే ఐపీ కావాలి కదా?" కావాలి, కాదనను. అయితే ఐపీని అలాగే దాచకుండా హాష్ చేసి (నేరుగా వెనక్కి తిప్పలేని కోడ్‌గా మార్చి) దాచుకోవచ్చు. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ఊరికే షా-256 అనే హాష్ వేసి డేటాబేస్‌లో పెట్టి "అంతా అనానిమస్" అంటారు. ఐపీవీ4 (పాత తరహా ఐపీ) అడ్రస్‌లు మొత్తం కలిపి సుమారు 430 కోట్లే, మామూలు గేమింగ్ కంప్యూటర్‌లో ఉన్న గ్రాఫిక్స్ కార్డు అన్నింటికీ హాష్ లెక్కగట్టి మీ టేబుల్‌తో పోల్చడానికి టీ తాగి వచ్చేంత టైం కూడా పట్టదు. ఒక రహస్య కీ కలిపి చేసే హాష్ (హెచ్‌మ్యాక్ అంటారు) వాడండి, ఆ కీని డేటాబేస్ ఉన్న మెషిన్‌లో పెట్టకండి, కొన్ని నెలలకోసారి మార్చండి. కీ మారిస్తే పాత ఆల్ట్‌లని పోల్చలేరు, అది ఒప్పుకోవాల్సిన నష్టమే. ఇంకోటి, కీ మీ చేతిలో ఉన్నంతకాలం ఆ హాష్ కూడా వ్యక్తిగత సమాచారమే. కోర్టు అడిగితే "మా దగ్గర ఐపీ లేదు" అని అనలేరు.

ఇంత హడావిడి వద్దనుకుంటే సులభమైన దారి ఒకటుంది. ఐపీవీ4లో చివరి భాగం సున్నా చేసి దాచండి, ఐపీవీ6 (కొత్త, పొడవైన ఐపీ) అయితే ముందు సగం మాత్రం ఉంచండి. ఆల్ట్‌ల మీద అనుమానం రావడానికి అది చాలు, నిరూపించడానికి చాలదు. నిజానికి పూర్తి ఐపీ కూడా నిరూపించడానికి చాలదు, దాని సంగతి 8వ అడుగులో.

3. చూసేవాళ్లని తగ్గించండి

నేను చూసిన లీకుల్లో హ్యాకర్లు చేసినవి తక్కువ, కోపం వచ్చిన మోడ్లు చేసినవి ఎక్కువ. గొడవపడి వెళ్లిపోతూ ఒక ప్లేయర్ ఐపీ పబ్లిక్ ఛానెల్‌లో పెట్టేస్తాడు, పది నిమిషాల్లో ఆ ప్లేయర్ ఇంటి ఇంటర్నెట్ మీద డీడాస్ (ఒకేసారి వెల్లువలా ట్రాఫిక్ పంపి నెట్ పడగొట్టే దాడి) మొదలు.

మోడ్‌కి ఐపీ కనపడాల్సిన అవసరం లేదు. "ఈ రెండు అకౌంట్లు ఒకే చోట నుంచి వచ్చాయా? అవును/కాదు" అని చూపించే ప్లగిన్ ఉంటే సరిపోతుంది. కన్సోల్ (సర్వర్‌ని నడిపే కమాండ్ స్క్రీన్) యాక్సెస్ ఇద్దరికి, ఎక్కువైతే ముగ్గురికి. కన్సోల్‌ని డిస్కార్డ్ ఛానెల్‌లోకి పంపే సెటప్ ఉంటే ఇవాళే ఆపేయండి, ఆ ఛానెల్‌లో ప్రతి లాగిన్ ఐపీ పడుతూ ఉంటుంది. మోడ్ వెళ్లిపోయిన రోజే అతని పర్మిషన్లు తీసేయండి, పాస్‌వర్డ్లు, వెబ్‌హుక్‌లు, బాట్ టోకెన్లు (బాట్లు, బయటి ప్రోగ్రామ్‌లు లోపలికి రావడానికి వాడే రహస్య లింకులు, కీలు) మార్చండి. మంచోడే కదా అని ఆగకండి.

4. ప్రైవసీ నోట్ మామూలు మాటల్లో రాయండి

ఎక్కడో పెద్ద కంపెనీ పాలసీ కాపీ కొట్టి పేరు మార్చేస్తారు. అందులో "మా డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్‌ని సంప్రదించండి" అని ఉంటుంది, మీకేమో అలాంటి మనిషే ఉండడు. రాసినదానికి మీరు కట్టుబడాలి కాబట్టి చేసేదే రాయండి. ఏం దాచుతాం, ఎన్నాళ్లు, ఎవరు చూస్తారు, చట్టబద్ధమైన ఆదేశం వస్తే ఇస్తాం, నిషేధం లేకపోతే మీకు చెప్తాం, మీ డేటా కావాలంటే ఈ మెయిల్‌కి రాయండి. ఒక పేజీ దాటక్కర్లేదు.

పిల్లల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అమెరికా కోపా చట్టం (1998లో వచ్చింది) 13 ఏళ్ల లోపు పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో ఆ వయసు 16, దేశాలు కావాలంటే 13 దాకా తగ్గించుకోవచ్చు. భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 లోపు అందరూ పిల్లలే. కోపా ఉల్లంఘించారన్న ఆరోపణ మీద ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ 2022లో 27.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మీ మీద అంత పడదు లెండి, కానీ పిల్లల దగ్గర పుట్టినతేదీ, స్కూల్ పేరు, ఫోటో అడిగే ఫారం మాత్రం పెట్టకండి.

వయసు తెలుసుకోవడానికి ఐడీ కార్డు ఫోటో అడగడం ఇంకో పిచ్చి పని. డిస్కార్డ్ అంతటి సంస్థే తన బయటి వెండర్ ఒకరి దగ్గర డేటా లీకై సుమారు 70,000 మంది గుర్తింపు కార్డుల ఫోటోలు బయటపడి ఉండొచ్చని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. మీ వీపీఎస్ (అద్దె సర్వర్) అంతకంటే భద్రమని మీరు నమ్మితే నేనేం చెప్పలేను.

5. ప్లేయరే తన డేటా అడిగినప్పుడు

బ్యాన్ అయినవాడు పక్కరోజే "జీడీపీఆర్ ప్రకారం నా డేటా మొత్తం ఇవ్వండి, తర్వాత డిలీట్ చేయండి" అని మెయిల్ పెడతాడు. కోపంతో పెట్టినా అది సరైన విజ్ఞప్తే, విసుక్కోకుండా చేయాలి. జీడీపీఆర్‌లో గడువు ఒక నెల, క్లిష్టమైనదైతే కారణం చెప్పి ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు.

మొదట అడిగింది అతనేనా అని చూడండి. ఐడీ కార్డు అడగకండి, అకౌంట్‌తో లాగిన్ అయి మీరిచ్చిన కోడ్ పంపమనండి, లేదా రిజిస్టర్ చేసిన మెయిల్ నుంచే రమ్మనండి. చూడకుండా ఇచ్చేస్తే ఏమవుతుందంటే, 2019లో ఒక ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు తన కాబోయే భార్య పేరుతో (ఆమె అనుమతితోనే) 150 సంస్థలకి ఇలాంటి విజ్ఞప్తులు పంపితే, ఆమె డేటా ఉన్న సంస్థల్లో దాదాపు నాలుగో వంతు సరిగా పరిశీలించకుండానే ఇచ్చేశాయి. మీ దగ్గర అడిగేది మాజీ ప్రియుడో, వెంటపడేవాడో కావచ్చు.

ఇచ్చేటప్పుడు ఎదుటివాళ్లవి తీసేయండి. చాట్‌లో అతను రాసినవి ఇవ్వండి, మిగతా పేర్లు చెరిపేయండి. అతని మీద రిపోర్ట్ చేసినవాళ్ల పేర్లు ఇవ్వకండి. చీట్ ఎలా పట్టుకున్నారో లోగుట్టు చెప్పనక్కర్లేదు, ఫలానా తేదీన బ్యాన్ అయ్యారు, కారణం ఇది అంటే చాలు.

డిలీట్ అడిగితే ప్రొఫైల్, మెయిల్, చాట్, ఐపీ తీసేయండి. బ్యాన్ అమల్లో ఉంచడానికి అకౌంట్ ఐడీ ఒక్కటి ఉంచుకోవడం సమర్థించుకోగలిగిన పనే, ఉంచుతున్నామని అతనికి చెప్పండి. అతను కట్టిన కోటలు, ఇళ్లు కూల్చక్కర్లేదు, మీద రాసిన పేరు తీస్తే చాలు. అతని డేటా మీద అప్పటికే లీగల్ నోటీసు ఉంటే మాత్రం డిలీట్ ఆపి లాయర్‌ని అడగండి.

6. బయటి నుంచి నోటీసు వచ్చింది. మొదటి గంట

ఊపిరి పీల్చుకోండి. టెన్షన్ పడి చేసే మొదటి పనే మిమ్మల్ని ఇరికిస్తుంది.

ఏదీ డిలీట్ చేయకండి. రాత్రి నడిచే ఆ తుడిచే స్క్రిప్ట్ ఉంది చూశారా, దాన్ని ఆ అకౌంట్ వరకు వెంటనే ఆపండి. నోటీసు అందాక లాగ్ పోతే, అది మీ మామూలు గడువు ప్రకారమే పోయినా, సాక్ష్యం నాశనం చేశారనే ప్రశ్న వస్తుంది, చాలా దేశాల్లో అదే ఒక వేరే నేరం. నోటీసుకి ముందు రోజు దాకా గడువు ప్రకారం పోయినదాని గురించి మీరు ధైర్యంగా చెప్పుకోవచ్చు. తేడా అంతా ఆ ఒక్క రోజులోనే ఉంది.

సంబంధించిన డేటాని ఎన్‌క్రిప్ట్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఆ ఫైల్ షా-256 విలువ (తర్వాత ఫైల్ మారలేదని చూపించడానికి), తేదీ, టైం రాసుకోండి. మెయిల్‌ని హెడర్లతో (ఎక్కడి నుంచి వచ్చిందో చూపే వివరాలతో) సహా సేవ్ చేయండి. మోడ్ ఛానెల్‌లో దీని గురించి ఒక్క ముక్క రాయకండి. ఎప్పుడు ఏం చేశారో మీ వరకు మీరు రాసుకుంటూ పోండి.

ఈ రకం జవాబు పంపొచ్చు:

"మీ మెయిల్ అందింది. సభ్యుల సమాచారం కోసం వచ్చే విజ్ఞప్తులను చట్టబద్ధమైన లిఖిత ఆదేశం ఉంటేనే పరిశీలిస్తాము. ఆదేశం ప్రతి, కేసు నంబర్, ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో, మీ కార్యాలయ చిరునామా పంపగలరు. మీరు పేర్కొన్న ఖాతాకు సంబంధించి మా వద్ద సమాచారం ఏదైనా ఉంటే ఈలోగా దానిని భద్రపరుస్తాము."

"ఏదైనా ఉంటే" అన్న మాట తీసేయకండి. అది లేకపోతే ఆ అకౌంట్ మీ దగ్గర ఉందని అప్పుడే ఒప్పుకున్నట్టు.

7. అసలుదా, దొంగదా?

గేమింగ్ కమ్యూనిటీల్లో దొంగ నోటీసులు ఎక్కువ. కారణం తెలిసిందే, ఎవడో ఓడిపోయి కక్ష తీర్చుకోవాలి. చిన్నపిల్లల పని అని కొట్టిపారేయకండి. పోలీసుల మెయిల్ అకౌంట్లే హ్యాక్ చేసి అందులోంచి "అత్యవసరం" అని పంపిన నకిలీ విజ్ఞప్తులకి ఆపిల్, మెటా కూడా 2021లో సమాచారం ఇచ్చాయని 2022 మార్చిలో వార్తలొచ్చాయి. కాబట్టి మెయిల్ డొమైన్ సరిగ్గా ఉంది అన్నంత మాత్రాన నమ్మేయకూడదు.

ఇలా చూడండి. మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేయకండి. ఆ స్టేషన్ లేదా కోర్టు నంబర్‌ని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే వెతికి, దానికి చేసి, ఆ అధికారి ఉన్నాడా, ఈ కేసు నంబర్ ఉందా అని అడగండి. కోర్టు ఉత్తర్వైతే ఆ కోర్టులో కేసు నంబర్ చూడొచ్చు. నిజమైన అధికారి దీనికి కోపం తెచ్చుకోడు, దొంగవాడు మాత్రం "టైం లేదు, మీ మీదే కేసు పెడతా" అంటాడు.

ఎవరైనా ఆత్మహత్య చేసుకుంటానంటే, దాడి చేస్తానంటే అది వేరే లెక్క. అక్కడ కాగితం కోసం ఎదురుచూడకండి, మీరే ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి తెలిసింది చెప్పండి. అలా చేస్తే ఎవరికి చెప్తున్నారో మీకు తెలుస్తుంది, దొంగ అనే సమస్యే ఉండదు. పిల్లల మీద లైంగిక వేధింపుల మెటీరియల్ కనబడితే కాపీలు తీసి మోడ్లకి పంపడం లాంటివి అస్సలు చేయకండి, అది దగ్గర పెట్టుకోవడమే నేరం. కనబడకుండా లాక్ చేసి వెంటనే పోలీసులకి రిపోర్ట్ చేయండి, తర్వాత ఏం చేయాలో వాళ్లే చెప్తారు.

8. ఏ కాగితమో చూసి, దానికి తగ్గట్టు ఇవ్వండి

మామూలు మెయిల్‌తో మర్యాదగా అడిగితే అది విజ్ఞప్తి మాత్రమే, 6లో ఇచ్చిన జవాబు చాలు. భద్రపరచమని మాత్రమే అడిగితే (అమెరికాలో 90 రోజులు, మళ్లీ అడిగితే ఇంకో 90) దాచండి, ఇవ్వకండి. సమన్లు, వారెంట్, కోర్టు ఉత్తర్వు అయితే లాయర్‌కి పంపి, గడువు క్యాలెండర్‌లో పెట్టండి. అమెరికా చట్టంలో పేరు, లాగిన్ టైములు, ఐపీ లాంటి ప్రాథమిక వివరాలకి సబ్‌పీనా (సమన్ల లాంటి ఆదేశం) చాలు కానీ మెసేజ్‌లలో ఏముందో కావాలంటే పోలీసులు వారెంట్ తెస్తారు. ఇలా మెట్లు చాలా దేశాల్లో ఉంటాయి, మీ దేశంలో ఎలా ఉందో లాయర్‌ని అడిగి స్ప్రెడ్‌షీట్‌లో రాసుకోండి.

ప్రైవేట్ లాయర్ నోటీసు చూసి బెదరకండి. "మా క్లయింట్ పరువు తీసిన ప్లేయర్ వివరాలు 48 గంటల్లో ఇవ్వండి" అన్న 48 గంటలు ఆ లాయర్ పెట్టుకున్నవి, కోర్టు పెట్టినవి కావు. ఇవ్వకండి, కానీ డేటా భద్రపరచండి. కాపీరైట్ నోటీసు అయితే వివరాలు అడగడం కాదు, ఫైల్ తీసేయమనడం, దాన్ని విడిగా చూసుకోండి. వేరే దేశం పోలీసులు అడిగితే దేశాల మధ్య ఒప్పందాల దారిలో, మీ దేశపు అధికారుల ద్వారా రమ్మని అడగొచ్చు.

డిస్కార్డ్ వివరాలు అడిగితే సులభం. సర్వర్ ఓనర్‌కి సభ్యుల ఐపీ, మెయిల్ కనబడవు, డిస్కార్డ్‌నే అడగమనండి. మీ సొంత బాట్ దాచినవి మాత్రం మీ బాధ్యతే.

ఇవ్వాల్సి వచ్చినప్పుడు అడిగినంతే. ఒక్క అకౌంట్, ఒక్క రోజు అడిగితే ఆ ఒక్క రోజే. డేటాబేస్ డంప్ మొత్తం పంపేసిన మహానుభావులు ఉన్నారు, అందులో నాలుగు వేలమంది సంబంధం లేనివాళ్ల మెయిళ్లు కూడా వెళ్లాయి. అడిగింది మరీ విస్తారంగా ఉంటే ("మీ సర్వర్ చాట్ అంతా") తగ్గించమని లాయర్ ద్వారా అడగొచ్చు, చాలాసార్లు తగ్గిస్తారు, వాళ్లకీ అంత చెత్త చదివే ఓపిక ఉండదు.

ఇక ఐపీ సంగతి. ఇప్పుడు చాలా ఇంటర్నెట్ కంపెనీలు, ముఖ్యంగా మొబైల్ నెట్‌లో, ఒకే ఐపీని ఎంతోమందికి పంచుతాయి. ఐపీ ఒక్కటిస్తే పోలీసులు తప్పు ఇంటి తలుపు కొట్టొచ్చు. అందుకే 2011లోనే ఆర్‌ఎఫ్‌సీ 6302 అనే ఇంటర్నెట్ ప్రమాణాల సిఫార్సు, సర్వర్లు ఐపీతో పాటు సోర్స్ పోర్ట్, సెకను దాకా కచ్చితమైన టైం రాసుకోవాలని చెప్పింది. టైం ఎప్పుడూ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఇవ్వండి, ఏ టైమ్‌జోనో ఫైల్ మొదటి లైన్‌లోనే రాయండి. సర్వర్ గడియారం ఎన్‌టీపీతో (నెట్ ద్వారా గడియారం సరిచేసే పద్ధతితో) సింక్ అవుతోందా అనేది ఇవాళే చూడండి, నేను చూసినవాటిలో ఒకటి ఏడు నిమిషాలు ముందుంది. మరి, సర్వర్ ముందు డీడాస్ ప్రొటెక్షన్ ప్రాక్సీ (మధ్యలో ఉండి ట్రాఫిక్ వడకట్టే సర్వర్) ఉంటే లాగ్‌లో పడుతున్నది ప్లేయర్ ఐపీయా, ప్రాక్సీ ఐపీయా? సరిచూసుకోకుండా ఇస్తే ఆ ప్రాక్సీ కంపెనీ ఐపీని నేరస్తుడిదని ఇచ్చినట్టే.

9. ప్లేయర్‌కి చెప్పాలా?

నిషేధం లేకపోతే చెప్పండి, డేటా ఇచ్చే ముందే, కోర్టుకి వెళ్లి అభ్యంతరం చెప్పుకునే టైం ఉండేలా. ఆదేశంలో ఎవరికీ చెప్పకూడదని రాసి ఉంటే నోరు మూసుకోండి, బెస్ట్ ఫ్రెండ్ అయిన కో-అడ్మిన్‌కి కూడా చెప్పకండి. "చెప్పొద్దు" అని మామూలు మెయిల్‌లో అడిగితే అది ఆదేశం కాదు, కానీ ప్రాణాపాయం, పిల్లల కేసులు లాంటివాటిలో లాయర్‌ని అడగకుండా తొందరపడి చెప్పకండి.

తరచూ చేసే తప్పులు

లాగ్ ఎడిట్ చేయడం. "ఆ ఒక్క బూతు లైన్ తీసేస్తే బావుంటుంది కదా" అని ఒకరు అడిగారు. వద్దు. మీరు ముట్టుకున్న ఫైల్ ఇక సాక్ష్యంగా పనికిరాదు, పైగా మీ మీద అనుమానం.

గుర్తున్నదాన్ని బట్టి జవాబు చెప్పడం. ఫోన్‌లో "ఆ, వాడే అనుకుంటా సార్" అనేస్తారు. లాగ్‌లో ఉన్నది రాతలో ఇవ్వండి, ఊహలు ఇవ్వకండి.

ఇచ్చింది ఎక్కడా రాసుకోకపోవడం. ఏ తేదీన, ఎవరికి, ఏ ఆదేశం మీద, ఏ ఫైల్ ఇచ్చారో లేకపోతే ఆర్నెల్ల తర్వాత మీరే ఇరుక్కుంటారు.

డేటా లీక్ అయితే దాచిపెట్టడం. జీడీపీఆర్ వర్తిస్తే, జనానికి ప్రమాదం ఉండే లీక్ అని తెలిసిన 72 గంటల్లో అధికారులకి చెప్పాలి. 2011లో ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లో 7.7 కోట్ల అకౌంట్ల వివరాలు పోయినప్పుడు జనానికి ఎక్కువ కోపం తెప్పించింది ఆలస్యంగా చెప్పడమే.

పని చేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

31వ రోజున సర్వర్ ఫోల్డర్ మొత్తంలో, డేటాబేస్‌లో మీ సొంత పాత ఐపీ కోసం వెతకండి. కుదించిన లాగ్ ఫైళ్లలో కూడా వెతకాలి, మామూలు సెర్చ్ వాటిని తెరవదు. మీరు పెట్టిన గడువు 180 రోజులైతే 181వ రోజున వెతకండి. ఒక్కటి దొరికినా ఏదో ఒక ప్లగిన్ మీకు తెలియకుండా రాసుకుంటోంది.

ఒక ఆల్ట్ అకౌంట్ చేసి, నెల ఆడి, దానితో డిలీట్ విజ్ఞప్తి పెట్టండి. మీ టీమ్ డిలీట్ చేశాక నిన్నటి బ్యాకప్‌ని వేరే మెషిన్‌లో ఎక్కించండి. ఆ అకౌంట్ బతికి వస్తుంది, వచ్చి తీరుతుంది. అందుకే డిలీట్ చేసిన ఐడీల లిస్టు ఒకటి విడిగా పెట్టుకుని, బ్యాకప్ ఎక్కించిన ప్రతిసారీ దాన్ని మళ్లీ నడపాలి.

చివరిగా ఒక డ్రిల్. స్నేహితుడి చేత, ఏ పోలీసుల పేరూ వాడకుండా, "లీగల్ డిపార్ట్‌మెంట్" అని ఒక గంభీరమైన మెయిల్ మీ మోడ్లకి పెట్టించండి, అందులో వివరాలు అడిగేది మీ ఆల్ట్ అకౌంట్ గురించి అయ్యేలా. మా దగ్గర మొదటిసారి చేసినప్పుడు ఒక మోడ్ నాలుగు నిమిషాల్లో ఐపీ పంపేశాడు, పైన "సర్, ఇంకేమైనా కావాలంటే చెప్పండి" అని కూడా రాశాడు. రెండోసారి ఎవరూ పంపలేదని సంబరపడ్డాం. తర్వాత తెలిసింది, మెయిల్ స్పామ్‌లో పడి ఐదు రోజులు ఎవరూ చూడలేదట. ఇప్పుడు స్పామ్ ఫోల్డర్ చూసే డ్యూటీ రోజుకొకరికి వేశాం.